ఛీఛీ మేస్త్రి మనోరంజితం

మనుషుల్ని అసహ్యించుకోవడానికి కారణాలు వెతుక్కోవాల్సిన అవసరం ఛీఛీ మేస్త్రికి ఎప్పుడూ రాలేదు. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు ఫోన్ చేసి, రమ్మని బతిమాలి మరీ చూపిస్తారు.

ఆయనది పైపుల పని. అంటే మెరిసే కుళాయిలు బిగించి, చేతులు దులుపుకుని, టీ తాగి వెళ్ళిపోయే పని కాదు. ఆ పని చేసేవాళ్ళు వేరే ఉన్నారు, సాయంత్రమైనా వాళ్ళ చొక్కా నలగదు. ఈయన మూసుకుపోయిన మురుగు గొట్టాలు తెరుస్తాడు. జనం పీడా పోయిందనుకుని నీళ్ళు కొట్టి వదిలించుకున్నదంతా ముప్పై ఏళ్ళుగా ఈయన చేతికే వస్తోంది. మురుగంతా వచ్చి కలిసే చాంబరు మూత లేపి తొంగిచూడగానే ఆయన నోట మొదట వచ్చే మాట "ఛీఛీ". ఆ పేరు అలా వచ్చింది. ఎదురుగా మాత్రం ఎవరూ అలా పిలవరు, మూత మళ్ళీ పెట్టేసి వెళ్ళిపోతాడని భయం.

ఆ ఛీఛీ వాసనకి కాదు. వాసన పట్టడం ఆయన ముక్కు ఎప్పుడో మానేసింది. అది మనుషులకి. ముందుగదిలో పూలకుండీ, గోడకి పటం, నేల అద్దంలా తుడిచి ఉంటుంది. అదే ఇంటి గొట్టంలో గడ్డకట్టిన నూనె, జుట్టు ఉండలు, చింపి పారేసిన ఉత్తరాలు, ఇంకా చెప్పుకోకూడనివి. ఆయన వాటిని వెదురు బద్దతో, స్ప్రింగు తీగతో బయటికి లాగి ఊరుకుంటే బాగుండేది. ఊరుకోడు. వచ్చినదంతా ఒక రేకు మీద పరిచి, ఇంటిల్లిపాదినీ పిలిచి, పుల్లతో కదుపుతూ ఒక్కొక్కటీ వివరిస్తాడు.

"ఇది వంటింటి సరుకు. ఇది తల దువ్వుకున్నవాళ్ళది. ఇదిగో, ఇది ఎవరిదో నేను చెప్పను, మీలోనే ఒకరికి తెలుసు."

ఒకరి మొహం ఒకరు చూసుకోలేక వాళ్ళు నేలచూపులు చూస్తుంటే ఆయనకి కడుపు నిండినట్టుండేది. ఒకసారి ఒక పెద్దమనిషి ఇంటి గొట్టంలోంచి కట్టుడుపళ్ళు వచ్చాయి. "మావి కావయ్యా" అన్నాడు ఆ పెద్దమనిషి, బోసినోటితో. ఆ కథ మేస్త్రి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ చివర్న ఒక ఛీఛీ ఉచితం.

అలాంటి మనిషికి పూలమొక్క ఏమిటని మీరు అడగొచ్చు. ఆయన భార్య కూడా అడిగింది.

మూడేళ్ళ కిందట ఎవరింట్లోనో పని అయ్యాక కాళ్ళు కడుక్కుంటుంటే పక్కన ఒక పొద ఉంది. ఆకుల మధ్య ఆకులాగే ఉన్న పచ్చటి పువ్వులు, ఒకటి రెండు పండి పసుపు తిరిగాయి. మనోరంజితం. మనసులో ఏ పండు తలుచుకుంటే ఆ పండు వాసన వేస్తుందని దాన్ని గురించి జనం చెప్పుకుంటారు. మేస్త్రి ఏ పండూ తలుచుకోలేదు. ఆయన తలుచుకున్నదల్లా ఆ పూట ఇంకా తెరవాల్సిన రెండు గొట్టాలు. అయినా వాసన తగిలింది. పదిహేనేళ్ళుగా చచ్చిపడి ఉన్న ముక్కులోకి తియ్యగా, చురుగ్గా దూరింది. ఆయన అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. ఆ ఇంటివాళ్ళు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చారు. ఆయన మంచినీళ్ళు తాగి, మొక్క అంటు అడిగి తెచ్చుకున్నాడు.

ఆయన ఉండేది ఒక ఇంటి పెరటి వాటాలో. మేడమీద ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. కింద ముందువాటాలో మందుల షాపులో పనిచేసే అమ్మాయి, ఆమె రెండేళ్ళ కూతురు. వెనక మేస్త్రి, ఆయన భార్య. ఆవిడ వీధి మలుపులో బల్ల వేసుకుని ఇస్త్రీ చేస్తుంది. ఇల్లంతటికీ ఒకటే మురుగు గొట్టం. అందరివీ పెరట్లో ఒక చాంబర్లో కలిసి వీధిలోకి పోతాయి.

మొక్క నాటడానికి ఆయన ఆ చాంబరుకి రెండడుగుల దూరంలో గోడవార చోటు చూశాడు. ఇంకొకరైతే ఎండ చూసుకుంటారు, నీడ చూసుకుంటారు. ఈయన గొట్టం చూసుకున్నాడు. అవి పాతకాలపు పెంకు గొట్టాలు. సరిగ్గా అక్కడ ఒక జాయింటు ఎప్పట్నుంచో చెమరుస్తోందని, ఆ మట్టి నడివేసవిలో కూడా ఆరదని ఆ ఇంట్లో ఆయనకి ఒక్కడికే తెలుసు.

"నీళ్ళు పొయ్యక్కర్లేదు, ఎరువెయ్యక్కర్లేదు. అన్నీ కిందనుంచే సరఫరా" అన్నాడు భార్యతో, మీసం తడుముకుంటూ.

"మొక్క పెంచడానిక్కూడా బద్ధకమేనా?" అంది ఆవిడ.

బద్ధకం కాదు, తెలివి అనుకున్నాడు. పెద్ద చెట్ల వేళ్ళు గొట్టాల్లోకి దూరతాయని ఆయనకి తెలియక కాదు. అలాంటివి బోలెడు చూశాడు. ఇది పూలపొదే కదా, ముక్కుపచ్చలారనిది, ఇదేం చేస్తుందిలే అనుకున్నాడు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు తప్ప ఇంకెవడూ చెయ్యలేని తప్పు అది.

పొద మూడేళ్ళలో గోడ ఎక్కింది. పువ్వుకాడల కొక్కేలు పట్టుకుని కిటికీ ఊచలదాకా పాకింది. పెరడంతా ఘుమఘుమ. మేస్త్రి చేసిన తోటపని అంతా కలిపితే అడ్డమొచ్చిన కొమ్మ ఎప్పుడైనా విరిచెయ్యడం, ఆకులకి పిండిపురుగు పడితే సబ్బునీళ్ళు చల్లడం, అంతే. సాయంత్రం పనినుంచి వచ్చి, ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసి, పండిన పువ్వొకటి ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చునేవాడు. ఆ పావుగంట ఆయన ఎవర్నీ తిట్టేవాడు కాదు. భార్య ఒక పువ్వు పట్టుకెళ్ళి ఇస్త్రీ మడతల మధ్య పెట్టి ఇచ్చేది. ముందువాటా పాప "తాతా, పువ్వు" అంటూ వచ్చి, వాసన చూడకుండా నోట్లో పెట్టుకోబోయి, చేతిమీద చిన్న దెబ్బ తిని వెళ్ళేది.

అలా ఉండగా చాంబరు పొంగింది.

మేస్త్రి మూత తియ్యకముందే తీర్పు చెప్పేశాడు. "పసిపిల్ల ఉన్న ఇల్లు. ఇంకేముంటుంది, పిల్లని తుడిచి పారేసే పాకెట్టు తడిగుడ్డలే" అన్నాడు. ఈమధ్య నూటికి తొంభై ఇళ్ళలో అదే సమాధానం. వెతికితే బురదలో తెల్లటి పీలికలు రెండు దొరకనే దొరికాయి. వాటిని రేకు మీద పరిచి ఇంటావిడకి చూపించాడు.

"నేను వెయ్యలేదు బాబాయ్" అంది మందుల షాపు అమ్మాయి. "పాపవన్నీ సంచిలో కట్టి చెత్తబండికే ఇస్తాను. కావాలంటే పిన్నినడగండి, రోజూ చూస్తూనే ఉంటుంది."

"అందరూ ఇదే మాటంటారమ్మాయ్. గొట్టం వేరే చెబుతుంది" అన్నాడు ఆయన.

నెల తిరక్కుండా మళ్ళీ పొంగింది. ఆ రోజు ఆయనకి బయట పని ఉండి, లోపలేముందో చూడకుండానే బద్దతో పొడిచి వీధిలోకి తోసేశాడు. ఇంటావిడ మేడమెట్ల మీద నిలబడి అమ్మాయికి చెప్పేసింది: "చూడమ్మా, ఇది రెండోసారి. మూడోసారి జరిగిందంటే వాటా ఖాళీ చెయ్యాలి. నీ పిల్ల శుభ్రం కోసం మా ఇల్లు కంపు చేసుకోలేం."

ఆ అమ్మాయికి ఆ వాటా పోవడమంటే ఉత్త ఇల్లు మారడం కాదు. షాపు అక్కడికి నాలుగడుగులు. పాపని చూసుకునే ఆవిడ పక్క వీధిలోనే ఉంటుంది. భర్త లేని పిల్లకి, పసిబిడ్డతో ఉన్నదానికి ఇల్లివ్వమంటే మొహాలు ఎలా ముడుచుకుంటాయో ఆమెకి ఇదివరకే తెలుసు. ఆ వాటా కోసం ఎక్కిన గుమ్మాలు ఆమె మరిచిపోలేదు.

మూడోసారి ఒక శుక్రవారం పొద్దున పొంగింది. ఆమె షాపుకి వెళ్ళిపోయింది. మేస్త్రి ఛీఛీ అంటూనే మూత తీసి స్ప్రింగు తీగ లోపలికి పంపాడు. ఎక్కడో పట్టుకుంది. బలంగా తిప్పి లాగాడు. రాలేదు. కాలు గోడకి తన్నిపెట్టి లాగితే ఒక్కసారిగా ఊడి, బరబరా బయటికొచ్చింది.

అది గుడ్డ కాదు. ఆడపిల్ల జడంత పొడుగున, చెయ్యంత లావున వేళ్ళ గుత్తి. సన్నటి వేళ్ళు వేలకి వేలు ఒకదాన్నొకటి అల్లుకుని, వాటి సందుల్లో జుట్టు, నూనె ముద్ద, కాగితాలు, ఇంటిల్లిపాది మురికీ చిక్కుకుని ఉంది. అందులో ఇంటావిడ తలకేసుకునే ఎర్రరంగు కూడా ఉంది, మేస్త్రి భార్య ఇస్త్రీబల్ల గుడ్డ దారాలూ ఉన్నాయి. తెల్లటి పీలికలు చేతులు తుడుచుకునే కాగితాలవి. మొదటిసారి రేకు మీద పెట్టినవి కూడా అవేనని ఇప్పుడు చూస్తే తెలుస్తోంది. ఆయన వేరు ఒకటి తెంపి గోటితో గీరాడు. వెంటనే తల పైకెత్తి పొద వైపు చూశాడు. చూడాల్సిన అవసరం లేదు నిజానికి, గోటికే తెలిసిపోయింది.

పైన కిటికీ తెరుచుకుంది. ఇంటావిడ ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని కిందకి చూసింది.

"ఏంటి మేస్త్రీ, అదేనా?"

"అదే" అన్నాడు మేస్త్రి.

రెండక్షరాలు. ఆ తరవాత ఆయన ఆ రెండక్షరాల్ని అటు తిప్పి ఇటు తిప్పి చాలాసార్లు చూసుకున్నాడు. అందులో అబద్ధం ఏముంది? ఆవిడ అదేనా అంది, తను అదే అన్నాడు. ఏది అని ఆవిడ అడగలేదు, ఇది అని తను చెప్పలేదు. అదే అంటే ఏదైనా కావచ్చు. ఇలా తనకి తాను చెప్పుకుంటూ ఆ వేళ్ళ గుత్తిని గోనెసంచిలో కుక్కి, స్నానాలగది వెనక దాచాడు. సగం అక్షరం మింగి నిజం చెప్పినట్టు నటించేవాళ్ళని ఆయన జీవితమంతా రేకు ముందు నిలబెట్టి చీల్చి చెండాడాడు. గురివింద గింజ తన కింద నలుపెరగదట. ఈయన గురివింద గింజకన్నా అన్యాయం, ఎరిగి కూడా దాచిపెట్టాడు.

ఎందుకంటే, చెబితే పొద పోతుంది. ఇంటావిడ ఆ క్షణమే వేళ్ళతో సహా పీకిస్తుంది. అదొకటి. ఛీఛీ మేస్త్రి ఇంటి గొట్టాన్ని ఛీఛీ మేస్త్రి మొక్కే మూసిందట అని ఊరంతా పడీపడీ నవ్వుతుంది. ఇది రెండోది. ఏది పెద్దదో ఆయన తేల్చుకోలేదు. తేల్చుకోవాలని కూడా అనుకోలేదు.

ఆ సాయంత్రమే అమ్మాయికి కబురందింది. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఇంకా పది రోజులుంది.

మర్నాటినుంచి మేస్త్రికి అన్నం సయించలేదు. ముప్పై ఏళ్ళలో ఎన్ని చూశాడు, ఎన్ని ముట్టుకున్నాడు, ఏనాడూ కంచం ముందు మొహం తిప్పుకోలేదు. ఇప్పుడు రెండు ముద్దలు తిని లేచిపోతున్నాడు. చేతులు మూడేసిసార్లు రుద్దుకుంటున్నాడు.

"ఏం తొక్కొచ్చావు?" అంది భార్య.

"నా తలకాయ తొక్కాను. నోర్మూసుకుని తిను."

ఆవిడ నోరు మూసుకుంది గానీ కళ్ళు మూసుకోలేదు. ఈయన పువ్వు కొయ్యడం మానేశాడని రెండోరోజుకే గమనించింది. పువ్వులు చెట్టునే పండి, కుళ్ళి రాలుతున్నాయి. ఒకరోజు కోసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు పాపం. పండు వాసన కాదు, మురుగు వాసన గుప్పుమంది. ఇన్నేళ్ళూ మూతల మీద మూతలు తెరిచినా తెలియని కంపంతా కూడబలుక్కుని ఆ ఒక్క పువ్వులోంచి వచ్చినట్టు వచ్చింది. దాన్ని విసిరికొట్టి వాకిట్లోనే కక్కుకున్నాడు. ఆ ఛీఛీ మాత్రం ఎవరికీ వినపడకుండా అనుకున్నాడు, అది తనకి.

అమ్మాయి షాపునుంచి వచ్చి, పాపని చంకనేసుకుని, ఇళ్ళు చూడ్డానికి వెళ్ళేది. చీకటిపడే వేళకి తిరిగొచ్చేది. గేటు గడియ గట్టిది, ఒంటిచేత్తో రాదు. మేస్త్రి లేచి వెళ్ళి తీసేవాడు.

"దొరికిందా అమ్మాయ్?"

"లేదు బాబాయ్. ఒకావిడ గది చూపించి, పాపని చూశాక లేదంది. థాంక్స్ బాబాయ్, చెయ్యి ఖాళీ లేదు."

ఆ థాంక్సు ఆయనకి తేలు కుట్టినట్టుండేది. తేలు కుట్టిన దొంగ అరవలేడు కదా. గేటు మూసి వచ్చేవాడు.

తొమ్మిదోరోజు ఆదివారం. మేస్త్రి పెరట్లో పళ్ళు తోముకుంటున్నాడు. మెట్ల దగ్గర్నుంచి అమ్మాయి గొంతు వినిపించింది, "అమ్మగారూ, ఒక్కసారి కిందికి రండి" అని. ఆయన వెళ్ళి చూస్తే, ఆమె చేతిలో పెద్ద నల్ల సంచి ఉంది, మూతి బిగించి కట్టింది. పక్కన పాప సంచిని పట్టుకుని ఊగుతోంది. ఇంటావిడ నాలుగు మెట్లు దిగి ఆగిపోయింది.

"ఇవి పాప తడిగుడ్డలు, తొమ్మిది రోజులవి" అంది అమ్మాయి. "చెత్తబండికివ్వకుండా దాచాను. పాకెట్టు మీద ఎన్నని ఉందో అన్నీ ఇందులో ఉన్నాయి. ఒక్కటి తగ్గినా మీరన్నది నిజమే, నేను మాట్లాడకుండా వెళ్ళిపోతాను. లెక్కపెట్టుకోండి." అని వంగి ముడి విప్పింది.

కంపు భగ్గుమంది. ఇంటావిడ "ఛీ! ఛీ! అవతలికి తియ్! బుద్ధుందా నీకు, మనుషులకి చూపించేవా అవి?" అంటూ రెండు మెట్లు పైకెక్కింది. మేస్త్రి భార్య మొహం తిప్పుకుంది. పాప అందరి మొహాలూ చూసి, ఇదేదో ఆటనుకుని తనూ ముక్కు పట్టుకుని నవ్వింది.

అమ్మాయి మేస్త్రివైపు తిరిగింది. మొహం ఎర్రగా కంది ఉంది. "బాబాయ్, మీరు చూడండి. మీకలవాటే కదా. మీరొక్క మాట చెబితే అమ్మగారు నమ్ముతారు." అంటూనే మొదటిది బయటికి తీసి, నేలమీద పెట్టి, విప్పబోయింది. ఒక తల్లి, నలుగురి ముందు, తన బిడ్డ మలం విప్పి చూపించి నేను అబద్ధమాడలేదని రుజువు చేసుకుంటోంది. లోకంలో అసహ్యమైనవన్నీ తను చూసేశానని ఇన్నాళ్ళూ ఆయనకొక గర్వం ఉండేది. అసలుది ఇప్పుడు చూశాడు. దాన్ని అక్కడిదాకా తెచ్చిందీ తనే.

"విప్పకమ్మా" అన్నాడు. "కట్టెయ్యి. కట్టెయ్యి తల్లీ."

వెనక్కి వెళ్ళి గోనెసంచి తెచ్చి మెట్ల ముందు బోర్లించాడు. వేళ్ళ గుత్తి ఎండి, చచ్చిన జంతువులా పడింది.

"ఆవేళ వచ్చింది ఇది. నా మొక్కది. మూడుసార్లూ ఇదే అయ్యుంటుంది. ఈ పిల్ల ఏమీ వెయ్యలేదు."

ఇంటావిడకే ముందు నోరొచ్చింది. వచ్చింది గొట్టం గురించి. "నా గొట్టం పగలగొట్టావా మేస్త్రీ? రేపు పొద్దుటికల్లా ఆ దరిద్రం పీకి, జాయింట్లన్నీ కొత్తవి వేసి పెట్టు." అని, తరవాత అమ్మాయివైపు చూసి, ఏదో వరమిస్తున్నట్టు, "సరేలే అమ్మా, తెలియక జరిగింది. నువ్వుండిపో, ఫర్వాలేదు" అంది.

అమ్మాయి సంచి మళ్ళీ ముడేస్తోంది. ముడి సరిగ్గా పడటం లేదు.

"ఉండనండి" అంది.

"ఇల్లు దొరికిందా?"

"లేదు. దొరికేదాకా మా అక్క వాళ్ళింట్లో ఒక మూల పడుకుంటాం." మేస్త్రివైపు తలెత్తింది. "ఆవేళే తెలుసా మీకు?"

"తెలుసు."

"గేటు తీస్తూ దొరికిందా దొరికిందా అని అడిగారే రోజూ. అప్పుడు కూడా తెలుసన్నమాట."

సమాధానం కోసం ఆగకుండా ఆమె పాపని చంకనేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆయన పొద నరికాడు. ఎవరి సాయం తీసుకోలేదు. ముళ్ళ కొక్కేలు చేతులు గీరాయి, పండీ పండని పువ్వులు నెత్తిన రాలాయి. మొదలు తవ్వి, వేరు వెంట వేరు పట్టుకుని జాయింటుదాకా వెళ్ళాడు. అక్కడ నోరు తెరిచిన సందులోంచి వేళ్ళు లోపలికి బారులు తీరి ఉన్నాయి, ఒక్కొక్కటీ తెంపాడు. భార్య గుమ్మంలో నిలబడి చూసింది. చివరికి "పదిరోజుల ముందు నరికుంటే ఈ పిల్ల ఉండేది" అంది. ఆవిడ అన్నది అంతే. తిట్టినా బాగుండేదని ఆయనకనిపించింది.

సాయంత్రానికి సామాను బండి వచ్చింది. మేస్త్రి సబ్బు అరిగేదాకా రుద్దుకుని స్నానం చేశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ముందువాటా దగ్గరికి వెళ్ళేసరికి అమ్మాయి పాప మంచం ఒక్కతే ఈడ్చుకొస్తోంది. ఆయన గబగబా వెళ్ళి రెండోవైపు పట్టుకోబోయాడు.

ఆమె మంచం కిందికి దించి, ఆయన చెయ్యి తగలకుండా అటు తిరిగి నిలబడింది. కోపంగా ఏమీ లేదు. షాపులో తెలియనివాళ్ళకి మందులిస్తూ మాట్లాడేటంత మర్యాదగా చెప్పింది.

"వద్దండి మేస్త్రిగారూ. మీకెందుకు శ్రమ?"